హమాదా గారి స్థానికత

పన్నెండు వేల గుడ్లు మెషీన్లో పెట్టి, తలుపు బిగించి, చేతులు కడుక్కున్న పావుగంటకి సబ్బెళ్ళ భామిరెడ్డికి ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది.

గుడ్లు వెనక్కి తీయడానికి వీల్లేదు. ఉత్తరం వెనక్కి పంపడానికీ వీల్లేదు. గుడ్లు సరిగ్గా ఇరవై ఒకటో రోజున పిల్లలవుతాయి. ఉత్తరంలో పెట్టిన గడువు సరిగ్గా ఇరవయ్యో రోజుతో సరి.

"సదరు హేచరీయందు పనిచేయుచున్న శ్రీ హమాదా అను తాత్కాలిక విదేశీ నిపుణుని పని అనుమతి పై తేదీతో ముగియుచున్నది. నూతన నియమావళి ప్రకారం, సదరు పని చేయగల స్థానికులు లభ్యం కారని యజమాని రుజువు చేసినగాని అనుమతి పొడిగించబడదు. గడువు తీరిన పిమ్మట సదరు విదేశీయుడు కోడిపిల్లను ముట్టినచో హేచరీకి సీలు వేయబడును."

భామిరెడ్డి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని వరండా వైపు చూశాడు. అక్కడ హమాదా పీట మీద కూర్చుని మంగాయమ్మ పెట్టిన గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకుంటున్నాడు. అరవై మూడేళ్ళ మనిషి. ఏటా జపాను నుంచి వచ్చి ఎనిమిది నెలలుంటాడు. వేమగూడెం రావడం మొదలెట్టి ఆరేళ్ళయింది.

ఆయన పని చూడ్డానికి తేలికే. రోజు వయసు కోడిపిల్లలన్నీ ఒకేలా ఉంటాయి, పసుపు రంగు దూది ఉండల్లాగా. హమాదా ఒకదాన్ని అందుకుని, బల్బు కింద తిరగేసి, తోక అడుగున ఆవగింజలో సగం ఉండే ఒక గుర్తు కోసం చూస్తాడు. గుర్తుంటే పుంజు, ఎడం బుట్ట. లేకపోతే పెట్ట, కుడి బుట్ట. గంటకి వెయ్యి పిల్లలు. వందకి ఒకటో రెండో తప్పు. గుడ్ల ఫారాల వాళ్ళకి కావలసినవి పెట్టలు. పుంజుని ఎంత మేపినా గుడ్డు పెట్టదు కదా.

ఈ సంగతి భామిరెడ్డికి తెలిసినంతగా ఆ జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. హేచరీ పెట్టిన మొదటి ఏడాది, పిల్లల్ని చూసి చెప్పేస్తానన్న బావమరిదిని నమ్మి, పెట్టలని చెప్పి నాలుగు వేల పిల్లల్ని రైతులకి పంపాడు. ఐదు నెలలపాటు వాళ్ళు మేపారు. ఐదో నెలలో ఒక తెల్లవారుజామున వేమగూడెం నాలుగు దిక్కుల నుంచీ ఒకేసారి కొక్కొరొకో అని వినిపించింది. ఆ రోజు నుంచి ఆయన పుంజుల భామిరెడ్డి. పెళ్ళి శుభలేఖ మీద కూడా ఒకాయన అలాగే రాసి పంపాడు. మంగాయమ్మని గుళ్ళో "పుంజులోరి ఆవిడ" అన్నారు. హమాదా వచ్చాక ఆ పేరు మెల్లగా అరగడం మొదలెట్టింది. ఆనాడు మోసపోయిన రైతులే ఆరేళ్ళకి మనసు మార్చుకుని, ఈ విడతకి ఐదు వేల పెట్టలు కావాలని మొదటిసారి కబురు పెట్టారు.

ఇప్పుడు ఆ పేరు మళ్ళీ వస్తే ఇక చచ్చేదాకా పోదు.

"ఏటండీ ఆ కాయితం?" అంది మంగాయమ్మ.

"ఏం లేదు. మన హమాదా గారి లాంటోళ్ళు మనూళ్ళో ఎవరూ లేరని రుజువు చెయ్యాలంట."

"అదేం పెద్ద పనండీ? కళ్ళున్నోడెవడైనా చెప్తాడు" అని ఆవిడ హమాదాకి ఇంకో ముద్ద పచ్చడి వేసింది.

మర్నాడు ఉదయానికి భామిరెడ్డి జిల్లా కేంద్రంలో, తాత్కాలిక విదేశీ నిపుణుల నియంత్రణ విభాగంలో కూర్చున్నాడు. విభాగాధికారి ముక్కామల చిదంబరం గుండ్రటి ముఖంతో, ఎప్పుడూ ఎవరినో సన్మానించి వస్తున్నట్టు కనిపించే మనిషి. కోపం తెలియదు. లంచం ముట్టడు. నియమావళి తప్ప ఇంకో సరదా లేదు. ఇలాంటివాడితో గెలవడం ఎంత కష్టమో భామిరెడ్డికి అప్పటికింకా తెలియదు.

"శుభం" అన్నాడు చిదంబరం, దరఖాస్తు అందుకుంటూ. "మన విభాగం పెట్టాక వచ్చిన తొలి దరఖాస్తు మీదే. దీన్ని ఆదర్శప్రాయమైన ఫైలుగా తీర్చిదిద్దుదాం. మొదట ప్రకటన. తర్వాత దండోరా. తర్వాత మౌఖిక పరీక్ష. వచ్చిన ప్రతి స్థానికుణ్ణీ పరీక్షించాలి. తిరస్కరిస్తే కారణం రాయాలి."

"పని రాదని రాస్తే సరిపోద్దాండి?"

చిదంబరం జాలిగా నవ్వాడు. "అది కారణం కాదు, రెడ్డి గారూ. పని రానివాడికి పని ఇవ్వకపోతే పని ఎప్పుడు వస్తుంది? పదిహేడో నిబంధన."

"మరి పిల్లలు ఆగవు కదండీ. ఇరవై ఒకటో రోజుకి బయటికొచ్చేస్తాయి."

"పిల్లలకు నియమావళి వర్తించదు. ఆ లోటు మా దృష్టిలో ఉంది."

భామిరెడ్డి ఆ మాట మింగి, ఇంకోటి అడిగాడు. "స్థానికుడంటే మా ఊరోడేనాండి? మా మండలమా? జిల్లానా?"

అధికారి ముఖం వెలిగిపోయింది. సొరుగులోంచి ఒక కాగితం తీసి, దానిమీద లేని దుమ్ము తుడిచాడు. "అనుబంధం మూడు. ఈ నిర్వచనం రాసింది నేనే. ఒకటి, గ్రామస్థుల్లో కనీసం పది మంది ఎరిగినవాడు. రెండు, స్థానిక ఆహారపు అలవాట్లు కలవాడు. మూడు, స్థానిక వివాదంలో ఏదో ఒక పక్షం వహించినవాడు. ఈ మూడూ ఉంటే స్థానికుడే. పుట్టింది ఎక్కడన్నది మేం చూడం. మా విభాగంలో సంకుచితత్వానికి తావు లేదు."

"తగువులో పక్షం ఎందుకండీ?"

"పరాయివాడు తగువు చూసి నవ్వుతాడు. మనవాడు దూరతాడు. పరిశోధించి రాసిన మాట అది."

అప్పుడు భామిరెడ్డికి అదంతా ఒట్టి ప్రసంగంలా వినిపించింది. ఎందుకైనా మంచిదని ఆ కాగితం నకలు మాత్రం అడిగి తీసుకున్నాడు.

ప్రకటన దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. "కోడిపిల్లల లింగ నిర్ధారణ నిపుణులు కావలెను" అని రాసి పత్రిక ఆఫీసుకి పంపితే, అక్కడి గుమాస్తా ఫోన్ చేసి గొంతు తగ్గించి మాట్లాడాడు. "లింగ నిర్ధారణ నేరమండీ. ప్రతి ఆస్పత్రి గోడ మీదా రాసుంటుంది. మమ్మల్ని కూడా లోపలేస్తారు."

"అది మనుషులకండీ బాబూ! ఇవి కోళ్ళు!"

"చట్టం ముందు ఎవరైనా ఒకటేనండి. వేరేలా రాసి పంపండి."

వేరేలా రాయక తప్పలేదు. "కోడిపిల్లలను చూచి రెండు బుట్టలలో వేయగలవారు కావలెను." పేపర్లో అలాగే వచ్చింది. దండోరా వేసినవాడు అదే మాట నాలుగు ఊళ్ళలో చాటాడు.

కోడిపిల్లని బుట్టలో వేయలేనివాడు గోదావరి జిల్లాల్లో పుట్టలేదు. పదో రోజు పొద్దున్నే హేచరీ గేటు ముందు నలభై ఒక్కమంది నిలబడ్డారు. కొంతమంది సొంత బుట్టలు తెచ్చుకున్నారు.

చిదంబరం ఎంపిక కమిటీతో సహా విభాగం జీపులో దిగాడు. కమిటీలో ముగ్గురు. అధ్యక్షుడిగా ఆయన. పశువైద్యుడు సెలవులో ఉన్నందున ఆయన బదులు చేపల శాఖ ఉద్యోగి ఒకాయన. మూడో సభ్యుడు గణాంక శాఖ నుంచి వచ్చిన యువకుడు, లెక్క తప్పకుండా చూడ్డానికి.

భామిరెడ్డి ఏమీ చేయకుండా కూర్చోలేదు. చిన్న మెషీన్లో అంతకుముందు వేసిన రెండొందల గుడ్లు ఆ తెల్లవారుజామునే పిల్లలయ్యాయి. అనుమతి ఇంకా ఉంది కాబట్టి హమాదా వాటిని విడగొట్టాడు. భామిరెడ్డి పుంజుల బుట్టలోంచి పన్నెండు పిల్లల్ని ఏరి పరీక్ష బల్ల మీద పెట్టాడు. పన్నెండుకి పన్నెండూ పుంజులే. వీటిలో ఒక్కదాన్ని పెట్ట అన్నవాడు తప్పాడన్నమాట. ఇంతకంటే సూటి పరీక్ష ఉండదని ఆయన ధీమా.

అనుభవ పత్రం ఒక్కటీ లేక నలభై మంది మధ్యాహ్నం భోజనాల లోపలే తేలిపోయారు. కొందరు పన్నెండు పిల్లల్నీ పెట్టల బుట్టలోనే వేశారు. ఒకాయన బొమ్మా బొరుసూ వేశాడు. ఒకావిడ నా వల్ల కాదని చెప్పి, పిల్లలకి నూకలు వేసి వెళ్ళింది.

నలభై ఒకటో అభ్యర్థి పెద్దిరాజు గారు. గోదావరి అవతలి ఒడ్డు నుంచి తెల్లటి పంచెలో, మీసం దువ్వుకుంటూ వచ్చారు. పందెం కోళ్ళ విషయంలో ఆయన మాటకి ఎదురు చెప్పినవాడు లేడు. కోడి నడక చూసి ఏ వారం ఏ దిక్కుగా వదలాలో చెబుతారు.

"అనుభవ పత్రాలు?" అన్నాడు చిదంబరం.

రాజు గారు సంచీలోంచి ఒక కట్ట తీశారు. చిదంబరం ఒక్కొక్కటీ తిరగేశాడు. అన్నీ ఎఫ్ఐఆర్ నకళ్ళు. కోడిపందేలు నిర్వహించిన కేసులు, పద్నాలుగేళ్ళలో పదకొండు.

"ఇవి కేసులండీ!" అన్నాడు భామిరెడ్డి.

"ప్రభుత్వ శాఖ జారీ చేసిన, తేదీ వేసిన, ముద్ర ఉన్న పత్రాలు" అన్నాడు చిదంబరం తన్మయంగా. "ఏ ప్రైవేటు సంస్థ ఇలాంటి అనుభవ పత్రం ఇవ్వగలదు? పద్నాలుగేళ్ళ నిరంతర సేవ. మధ్యలో మూడేళ్ళ విరామం ఎందుకు వచ్చింది, రాజు గారూ?"

"అప్పుడున్న ఎస్సై మా వాడండి. కేసు కట్టలేదు."

"అర్థమైంది. వేతనం లేని సెలవుగా పరిగణిద్దాం."

రాజు గారు బల్ల దగ్గరికొచ్చి మొదటి పిల్లని చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకున్నారు. గదిలో అందరూ ముందుకి వంగారు. కిటికీ అవతల హమాదా కూడా మెడ చాచాడు.

"శుక్రారం తూరుపు ముఖంగా వదిలితే దీనికి తిరుగులేదు" అన్నారు రాజు గారు.

"పెట్టా, పుంజా?" అన్నాడు భామిరెడ్డి.

"గెలిచేదాన్ని పట్టుకుని పెట్టా పుంజా అంటావేటయ్యా? పుంజే!"

అలా ఒక్కో పిల్లకీ పది నిమిషాలు పట్టింది. చివరికి ఏడు గెలుస్తాయన్నారు, అవి పుంజులు. ఐదు ఓడతాయన్నారు, కాబట్టి అవి పెట్టలు.

భామిరెడ్డి ఆనందంతో లేచి నిలబడ్డాడు. "తప్పండీ! పన్నెండూ పుంజులే! నేనే ఏరి పెట్టేను!"

"ఎవరు నిర్ధారించారు?"

"హమాదా గారు."

"ఇందులో ఆయనకు స్వప్రయోజనం ఉంది. ఆయన సాక్ష్యం చెల్లదు."

"పోనీ రెండు నెలలు ఆగి చూడండి. తురాయి వస్తుంది, కూత వస్తుంది. పిల్లలే చెప్తాయి."

"పిల్లల అభిప్రాయం తీసుకోమని నియమావళిలో లేదు" అని చిదంబరం కమిటీ వైపు తిరిగాడు. "ఓటింగుకి పెడుతున్నాను. ఈ ఐదూ పెట్టలేనా?"

చేపల శాఖ ఆయన చేయెత్తాడు. అధ్యక్షుడు చేయెత్తాడు. గణాంకాల యువకుడు మాత్రం పిల్లల వంక, రాజు గారి మీసం వంక చూసి, తటస్థంగా ఉంటానన్నాడు.

చిదంబరం నిలబడి చదివాడు. "సదరు ఐదు పిల్లలను కమిటీ మెజారిటీ అభిప్రాయం మేరకు పెట్టలుగా నిర్ణయించడమైనది. అభ్యర్థి ఉత్తీర్ణుడు. పిల్లలను సాక్ష్యం నిమిత్తం విభాగం ఆవరణలో భద్రపరచడమైనది." ముగ్గురూ సంతకాలు చేశారు. పన్నెండు పిల్లలు రెండు అట్టపెట్టెల్లో, పైన పుంజులు, పెట్టలు అని రాసి, జీపెక్కాయి.

భామిరెడ్డి రాజు గారి వైపు తిరిగాడు. "రాజు గారూ, పన్నెండు వేల గుడ్లకి పది వేల పిల్లలు వస్తాయండి. ఎన్నాళ్ళు పడుతుంది మీకు?"

"రోజుకి ఎనిమిది చూస్తా. ఆపైన చూస్తే దృష్టి పాడవుద్ది."

భామిరెడ్డి మనసులోనే లెక్క వేసుకున్నాడు. మూడున్నరేళ్ళు. అప్పటికి పిల్లలు ముత్తవ్వలై ఉంటాయి.

"నెమ్మదితనం అసమర్థత కాదు" అన్నాడు చిదంబరం, జీపెక్కుతూ. "పద్దెనిమిదో నిబంధన."

పదహారో రోజున పెద్దిరాజు గారిని ఉద్యోగంలో చేర్చుకోడానికి భామిరెడ్డి విభాగానికి వెళ్ళాడు. వేరే దారి లేదు. చేర్చుకుని వరండాలో కూర్చోబెట్టి, పని మాత్రం హమాదా చేత చేయించుకోవచ్చేమోనని ఆయన ఆశ. కానీ నియామకానికి ఇంకో పత్రం కావాలట, అభ్యర్థి మీద ఏ కేసూ లేదని పోలీసుల ధ్రువీకరణ.

"ఆయన మీద పదకొండు ఉన్నాయి కదండీ. మీరే అనుభవం అన్నారు."

"అవును. అర్హతకు అవి ఉండాలి. నియామకానికి అవి ఉండకూడదు" అన్నాడు చిదంబరం. ఇందులో ఆయనకి ఇబ్బందేమీ కనిపించలేదు.

"అంటే ఆయన్ని తీసుకోకూడదా?"

"తీసుకోకూడదు."

"అయితే హమాదా గారికి అనుమతివ్వండి మరి."

"ఎలా ఇస్తాను? అర్హుడైన స్థానికుడు లభ్యమేనని కమిటీ తేల్చింది కదా! ఉన్నవాణ్ణి తీసుకోరాదు, లేనివాణ్ణి తేరాదు. ఫైలు చాలా స్పష్టంగా ఉంది." మళ్ళీ ఆ సన్మానపు నవ్వు నవ్వి, ఒక ఫారం ముందుకి జరిపాడు. "నిరాశపడకండి. అప్పీలుకి అవకాశం ఉంది. దానికి ముందు ఏడో నమూనా సమర్పించాలి. సదరు హమాదా స్థానికేతరుడని గ్రామ రెవెన్యూ అధికారి విచారించి ఇచ్చే ధ్రువీకరణ."

"పాస్‌పోర్టు ఉందండీ ఆయన దగ్గర. వీసా కూడా డిసెంబరు దాకా ఉంది."

"అవి వేరే శాఖల కాగితాలు. మేం వాటి జోలికి పోం. ఆ ఊళ్ళో ఎవరూ ఆయన్ని ఎరగరని విచారణలో తేలాలి. అంతే."

జీవితంలో మొదటిసారి భామిరెడ్డి బస్సులో నిలబడే నిద్రపోయాడు.

పందొమ్మిదో రోజు ఉదయం వీఆర్వో లోవకుమారి స్కూటీ మీద వేమగూడెం వచ్చింది. ఆమె రాకముందే భామిరెడ్డి వీధి మొత్తం తిరిగి అందరి కాళ్ళా వేళ్ళా పడ్డాడు. హమాదా ఎవరో తెలియదని చెప్పమన్నాడు. అంతకంటే పెద్ద కోరిక ఆయన ఆ ఊరిని ఎప్పుడూ కోరలేదు.

విచారణ పాలకేంద్రం పక్కన నూకరాజు టీ కొట్టు దగ్గర జరిగింది. హమాదా అక్కడే బల్ల మీద కూర్చుని గ్లాసు ఊదుకుంటున్నాడు.

"ఈయన్ని ఎరుగుదువా?" అంది లోవకుమారి.

నూకరాజు భామిరెడ్డి వంక చూశాడు. భామిరెడ్డి చేతులు జోడించాడు. నూకరాజు ముఖం ఎర్రబడింది. "ఏం మనిషివయ్యా రెడ్డీ! రోజుకి మూడు టీలు తాగి, ఒక్కనాడు పంచదార ఎక్కువైందనని మనిషిని ఎరగననమంటావా? నా కూతురి ఓణీల ఫంక్షన్‌కి గొడుగు చదివించేడండి ఈయన! రాయండి మేడమ్. ఎరుగుదును."

అంతే, ఇంక ఆగలేదు. తెలియదని చెప్పడానికి ఒప్పుకున్నవాళ్ళు కూడా, నూకరాజు ఒక్కడికే తెలిసినట్టు రాస్తారేమోనని పోటీగా ముందుకొచ్చారు.

"నాకు ఆయనకంటే ముందు తెలుసండి. వచ్చిన రోజు స్టేషన్ నుంచి తెచ్చింది నా ఆటోలోనే."

"మా అమ్మాయికి లెక్కలు చెప్పేడండి."

"గోంగూర మా దొడ్లోదే ఎల్తాది ఆయనకి. రాసుకోండి. ఎర్ర గోంగూర. తెల్లది ముట్టడు."

లోవకుమారి పేజీ తిప్పింది. "అలవాట్లు సరే. ఊరి తగువుల్లో ఏమైనా కలగజేసుకున్నాడా?"

భామిరెడ్డి గబగబా అడ్డొచ్చాడు. "లేదండీ. ఆయన దారిన ఆయన..."

"ఎందుకు లేదు?" అన్నారు ఒకేసారి నలుగురు. వేమగూడెంలో తొమ్మిదేళ్ళుగా ఒకే తగువు నడుస్తోంది, బస్సు పాలకేంద్రం దగ్గర ఆగాలా, పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగాలా అని. ఆ మాట వినగానే హమాదా గ్లాసు కింద పెట్టి లేచాడు. ఆరేళ్ళలో నేర్చిన తెలుగంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"బస్సు ఇక్కడే ఆగాలండి! ముసలోళ్ళు పాలు పట్టుకొత్తారు. అక్కడాగితే ఎలా నడుత్తారు? ప్రెసిడెంట్ గారికి సిగ్గుండాలండి, ఆయ్!"

పాలకేంద్రం పక్షం చప్పట్లు కొట్టింది. పంచాయతీ ఆఫీసు పక్షం వాడు ఒకడు "నీకెందుకయ్యా మా ఊరి సంగతి!" అంటూ మీదికొచ్చాడు. "మా ఊరేంటి? మన ఊరు!" అని హమాదా కూడా ముందుకెళ్ళాడు. నూకరాజు మధ్యలో దూరి విడదీశాడు.

లోవకుమారి నింపాదిగా నివేదిక ముగించింది. "సదరు హమాదా గ్రామస్థులందరికీ సుపరిచితుడు. ఆహారపు అలవాట్లు స్థానికం. బస్టాపు వివాదంలో పాలకేంద్రం పక్షం. స్థానికేతరుడని ధ్రువీకరించుటకు అవకాశం లేదు."

భామిరెడ్డి టీ కొట్టు బల్ల మీద కూలబడ్డాడు. చెవిలో కొక్కొరొకో అని వినపడసాగింది. మెషీన్లో పన్నెండు వేల గుడ్లు. రేపు గడువు. ఎల్లుండి పిల్లలు. ఐదు నెలలకి మళ్ళీ ఆ పేరు.

నివేదిక మడిచి జేబులో పెట్టుకుంటే వేళ్ళకి ఇంకో కాగితం తగిలింది. తీసి చూశాడు. అనుబంధం మూడు. చదివాడు. లోవకుమారి నివేదిక పక్కన పెట్టుకుని మళ్ళీ చదివాడు. పది మంది ఎరిగినవాడు. ఆహారపు అలవాట్లు కలవాడు. వివాదంలో పక్షం వహించినవాడు.

ఆయన నెమ్మదిగా తలెత్తి హమాదా వైపు చూశాడు. చొక్కా గుండీ తెగిన హమాదా ఇంకా బస్సు గురించే గొణుక్కుంటున్నాడు.

"నూకరాజూ" అన్నాడు భామిరెడ్డి, "అందరికీ టీ పొయ్యి. నన్ను క్షమించు."

ఇరవయ్యో రోజు మూడు గంటలకి చిదంబరం బల్ల మీద ఏడో నమూనా ఉంది. భామిరెడ్డి చేతులు కట్టుకుని, పుంజులు కూసిన రోజు బావమరిది పెట్టిన అమాయకపు ముఖం తనూ పెట్టుకుని నిలబడ్డాడు.

"నన్ను మన్నించాలండి. స్థానికేతరుడని రాయమంటే వీఆర్వో గారు ఒప్పుకోలేదు. ఇంక నా అప్పీలు పోయినట్టే."

చిదంబరం నివేదిక చదివాడు. సొరుగులోంచి తన అనుబంధం తీసి పక్కన పెట్టాడు. వేలితో ఒకటి, రెండు, మూడు అని సరిచూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ ముఖంలో మొదటిసారి సన్మానం మాయమైంది.

"రెడ్డి గారూ. మీరు చేసింది చాలా తీవ్రమైన విషయం."

"ఏటండీ?"

"చేతికింద స్థానిక నిపుణుణ్ణి పెట్టుకుని, ఆరేళ్ళుగా ఆయన్ని విదేశీయుడని చెబుతూ వచ్చారు! పైగా విదేశీయుడు కావాలని మాకు దరఖాస్తు చేశారు! ఒక స్థానికుడి ఉపాధిని తాత్కాలికం అన్నారు!"

"ఆయన జపానులో పుట్టేడండీ" అన్నాడు భామిరెడ్డి, భయపడుతున్నట్టుగా.

"పుట్టుక గురించి నా దగ్గర మాట్లాడకండి. మా విభాగంలో సంకుచితత్వానికి తావు లేదని ముందే చెప్పాను."

"మరి ఆయన మీద కేసులేం లేవండి. అనుభవ పత్రం ఎలాగండి?"

చిదంబరం ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆరేళ్ళుగా ఆయన ఈ పని చేస్తున్నాడని ఒప్పుకుంటూ మీరు మాకు రాసిన దరఖాస్తే ఉంది. నేరం ఒప్పుకోలు కంటే గట్టి పత్రం ఏముంది?" అని కలం తీశాడు. "విదేశీ నిపుణుడు హమాదాకు అనుమతి తిరస్కరించడమైనది. సదరు పనికి అర్హుడైన స్థానికుడు శ్రీ హమాదా లభ్యమైనందున, ఆయనను తక్షణమే, మరో సాకు చెప్పకుండా, శాశ్వత ప్రాతిపదికన నియమించవలసిందిగా యజమానిని ఆదేశించడమైనది. జాప్యం చేసినచో హేచరీకి సీలు వేయబడును."

భామిరెడ్డి ఆ ఉత్తర్వు రెండు చేతులతో కళ్ళకద్దుకున్నాడు. ఎక్కడ నవ్వు బయటపడుతుందోనని మెట్లు దిగేవరకు ఆ కాగితం ముఖం మీంచి తీయలేదు.

మర్నాడు పొద్దున్న మెషీను తలుపు తీయగానే పది వేల గొంతులు ఒకేసారి కిచకిచలాడాయి. హమాదా తెల్ల చేతి తొడుగులు వేసుకుని బల్బు కింద కూర్చున్నాడు. ఎడం బుట్ట, కుడి బుట్ట. ఎడం, కుడి, కుడి. మంగాయమ్మ గంటకోసారి మజ్జిగ అందించింది. చీకటి పడకముందే ఐదు వేల పెట్టలు రైతుల వ్యాన్లు ఎక్కాయి.

ఐదు నెలలు గడిచాయి. వేమగూడెం షెడ్లలో గుడ్లు బుట్టలకి పట్టడం లేదు. కూత మాత్రం ఎక్కడా వినపడలేదు.

వినపడింది జిల్లా కేంద్రంలో. విభాగం ఆవరణలో సాక్ష్యం నిమిత్తం భద్రపరిచిన పన్నెండు పిల్లలు రికార్డు గది వెనక పెరిగి పెద్దవై, ఎర్రటి తురాయిలతో, పని వేళలు పాటించకుండా కూస్తున్నాయి. వాటిలో ఏడింటి కూతకి ఫైలులో అభ్యంతరం లేదు. మిగతా ఐదూ రికార్డు ప్రకారం పెట్టలు. అందుకని భామిరెడ్డికి ఇంకో ఉత్తరం వచ్చింది. "సదరు ఐదు పెట్టలు గుడ్లు పెట్టుటకు నిరాకరించుచున్నవి. మీ స్థానిక నిపుణునితో హాజరై కారణం తెలుపవలెను."

భామిరెడ్డి, హమాదా బస్సులో వెళ్ళారు. బస్సు ఇప్పుడు పాలకేంద్రం దగ్గరే ఆగుతోంది. శాశ్వత ఉద్యోగి అయ్యాక హమాదా మాటకి బలం పెరిగింది.

చిదంబరం బల్ల మీద ఫైలు తెరిచి ఉంది. అటెండరు ఐదింటిలో ఒకదాన్ని చంకలో పెట్టుకొచ్చాడు. అది వస్తూనే హమాదా ముఖం మీదికి వంగి కొక్కొరొకో అంది. గదిలో ఎవరూ నవ్వలేదు.

హమాదా దాన్ని అందుకుని, అలవాటు ప్రకారం తిరగేసి, తోక కింద చూశాడు. తర్వాత ఫైలు చూశాడు. "మెజారిటీ అభిప్రాయం మేరకు పెట్టలుగా నిర్ణయించడమైనది." దాని కింద మూడు సంతకాలు. హమాదా వాటిని ఒక్కొక్కటిగా, కోడిపిల్లల్ని చూసినంత శ్రద్ధగా చూశాడు. ముప్పై ఐదేళ్ళ వృత్తిలో వందకి రెండు తప్పులకంటే ఎక్కువ చేయని మనిషి. భామిరెడ్డి ఫైలు వంక చూశాడు. ఇప్పుడాయన నిజం చెబితే పరీక్ష తప్పు. పరీక్ష తప్పయితే ఫైలు తప్పు. ఫైలు తప్పయితే ఉత్తర్వు రద్దు.

"చెప్పండి, హమాదా గారూ" అన్నాడు చిదంబరం, చెమట తుడుచుకుంటూ.

హమాదా కోడిని సుతారంగా అటెండరు చంకలో పెట్టాడు.

"పెట్టేనండి" అన్నాడు. "సంతకాలు పడ్డాక ఇంకేటవుద్దండి? కుంచెం కోపం మీదుంది, అంతే. ఆయ్."

చిదంబరం లేచొచ్చి హమాదా రెండు చేతులూ పట్టుకున్నాడు. "చూశారా రెడ్డి గారూ! ఏ విదేశీయుడికి తెలుస్తుందండీ ఈ మాట?"

ఆ ఐదు పెట్టలూ ఇంకా అక్కడే కూస్తున్నాయి. స్టేషన్లో దిగి విభాగం పేరు పూర్తిగా చెబితే ఆటోవాళ్ళు తెలియదంటారు. పుంజులాఫీసు అంటే మాత్రం మారు మాట్లాడకుండా తీసుకెళ్తారు.

ఆ పేరు అక్కడ స్థిరపడ్డాక భామిరెడ్డి దగ్గరికి మళ్ళీ రాలేదు. మొన్న ఒక పెళ్ళిలో ఎవరో మంగాయమ్మని చూపించి ఎవరావిడని అడిగారు. పక్కనున్నాయన విస్తట్లోంచి తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఎరగరాండీ? హమాదా గారి తాలూకా."